ముందు వాళ్ళను ఒకరినొకరు విననివ్వండి: కచేరీ నిర్వాహకులకు బహిరంగ లేఖ

కచేరీలు ఏర్పాటు చేసే సంస్థల వారికి, సంగీతోత్సవాల కమిటీలకు, హాళ్ళ యాజమాన్యాలకు నమస్కారం.

నేను వయొలిన్ వాయిస్తాను. వేర్వేరు దేశాల వాద్యాలు ఒకే వేదిక మీద కలిసే బృందాల్లో చాలాకాలంగా వాయిస్తున్నాను. అలాంటి కచేరీలకు శ్రోతగా కూడా వెళ్తుంటాను. అరబ్బుల తీగవాద్యం ఊద్, ఆఫ్రికా కోరా, తబలా, పెద్ద వయొలిన్ లాంటి సెల్లో, బాన్సురి వేణువు లాంటి వాద్యాలతో, కరెంటు లేకుండానే మోగే ఈ బృందాలను ఈమధ్య మీరు తరచుగా పిలుస్తున్నారు. సంతోషం. టికెట్లు కూడా బాగానే పోతున్నాయి. అయినా ఈ ఉత్తరం రాయాల్సి వస్తోంది. ఫలానా హాలు, ఫలానా సంస్థ అని పేరు పెట్టను. పెట్టాలంటే జాబితా చాలా పెద్దదవుతుంది.

పోస్టరు మీద పెద్ద అక్షరాలతో ‘అకూస్టిక్’ అని వేస్తారు. తీరా లోపలికి వెళ్తే స్టేజీకి రెండువైపులా మనిషెత్తు స్పీకర్లు, ఒక్కో వాద్యానికి ఒకటో రెండో మైకులు, ఒక్కో కళాకారుడి కాళ్ళ దగ్గర ఒక మానిటర్, అంటే వాయించేవాళ్ళకు వినిపించడానికి పెట్టే స్పీకరు. అందరూ ఒకరికొకరు దూరదూరంగా, ప్రేక్షకుల వైపు తిరిగి వరసగా కూర్చుని ఉంటారు, గ్రూప్ ఫొటోకి కూర్చున్నట్టు. కచేరీ మొదలవుతుంది. అన్నీ గట్టిగా, స్పష్టంగా వినిపిస్తాయి, ఒక్క కలయిక తప్ప.

నేను అడిగేది ఒక్కటే. స్టేజీ మీద ఉన్నవాళ్ళు ఒకరినొకరు నేరుగా, యంత్రం మధ్యవర్తిత్వం లేకుండా వినగలిగేలా చూడండి. హాలు ఎంపిక, రిహార్సల్, కుర్చీల అమరిక, మైకులు అన్నీ ఆ ఒక్క దాన్నిబట్టి నిర్ణయించండి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు: ముందు హాలు ఖాయమవుతుంది, తర్వాత సౌండ్ కాంట్రాక్టు, తర్వాత లైట్లు, చివరికి మిగిలిన ఖాళీలో బృందం.

బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1970ల మొదట్లో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో ఆయన వాయించింది ఎలక్ట్రిక్ గిటారు, అదీ చెవులు హోరెత్తే స్థాయిలో. పేరూ జనమూ అక్కడే ఉన్నా, 1975 నాటికి ఆయన శక్తి బృందంతో అకూస్టిక్ గిటారు పట్టుకుని వేదిక మీద కింద కూర్చున్నారు. పక్కన ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. దానికి ముందు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. గిటారు కూడా మామూలుది సరిపోలేదు, ప్రత్యేకంగా చేయించుకున్నారు. దాని ప్రధాన తీగల కింద ఏటవాలుగా మరో వరస తీగలుంటాయి. సితారులోని తరబ్ తీగల్లాగా వాటిని మీటకపోయినా, పైన పలికిన స్వరానికి అవి కంపిస్తాయి. ఆ కంపనం ఎంత సన్ననిదో ఊహించండి. ఎంత పెద్ద శబ్దమైనా చేయగల సదుపాయం ఉన్న మనిషి, కావాలని అంత సన్నని ధ్వని వైపు వచ్చారు. ఘటం గుసగుస వినిపించాలంటే, దానికి గిటారు బదులివ్వాలంటే, వేరే దారి లేదు మరి.

మైకే ముట్టకూడదనే ఛాందసం నాకు లేదు. మన మాండొలిన్ యు. శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండొలినే. తర్వాతి కాలంలో రిమెంబర్ శక్తి పేరుతో మెక్‌లాఫ్లిన్, జాకిర్‌లు కచేరీలు చేసినప్పుడు శ్రీనివాస్ ఆ అయిదు తీగల వాద్యంతోనే వాళ్ళ మధ్య కూర్చున్నారు. గమకానికి గమకం, నవ్వుకి నవ్వు అన్నట్టుండేది. కాబట్టి కరెంటు ఉందా లేదా అన్నది అసలు గొడవ కాదు. మధ్యలో ఉన్న యంత్రాలు వాళ్ళను దగ్గర చేస్తున్నాయా, విడగొడుతున్నాయా అన్నదే ప్రశ్న.

విడగొట్టడం ఎలా జరుగుతుందో చెప్తాను. ఇరాన్ సెతార్‌ను తీసుకోండి. నాలుగు తీగల చిన్న వాద్యం, చూపుడువేలి గోటితో మీటుతారు. ఒక గదిలో పదిమంది మధ్య వాయించడానికి సరిపోయే ధ్వని. పక్కన పశ్చిమాఫ్రికా జెంబే పెట్టండి. అరచేత్తో ఒక్క దెబ్బ కొడితే వీధి చివరికి వినిపించే డోలు అది. ఈ రెండూ కలిసి వాయించాలంటే జెంబే కళాకారుడు అరచేతిని వదిలి వేళ్ళ కొసలకు రావాలి. సెతార్ కళాకారుడు దట్టంగా వాయించడం మాని, ఖాళీలు వెతుక్కుని ఆ ఖాళీల్లో మీటాలి. ఇద్దరూ అలవాటు పడిన వాయించే తీరును కొంచెం వదులుకుంటారు. అలా వదులుకున్న చోటే మూడో ధ్వని ఒకటి పుడుతుంది. జనం డబ్బిచ్చి టికెట్టు కొనుక్కునేది దానికోసమే. మరి అన్ని మైకుల శబ్దాన్నీ కలిపే మీ మిక్సర్ చేసే పనేమిటి? సెతార్ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) పైకి, జెంబే ఫేడర్ కిందికి. సమస్య తీరిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి ఇద్దరికీ మారాల్సిన అవసరం పోయింది. జెంబే ఎప్పటిలాగే బాదుతుంది, సెతార్ ఎప్పటిలాగే మోగుతుంది, కలపడం డెస్కు దగ్గర కూర్చున్న ఇంజనీరు పనవుతుంది. పాపం ఆయనకు ఆ పాట మధ్యాహ్నం దాకా తెలియదు.

మాలీ కోరా కళాకారుడు బలాకే సిసోకో, ఫ్రెంచి సెల్లో కళాకారుడు వాన్సాన్ సెగాల్ కలిసి వాయించినవి విన్నారా? కోరా అంటే పెద్ద సొరబుర్రను సగానికి కోసి తోలు బిగించి చేసే 21 తీగల వాద్యం. బమాకోలో రికార్డు చేసి 2009లో తెచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్‌లో సెల్లో చాలాచోట్ల గొంతు విప్పదు. వేలితో మీటుతూ, ఒక్కోసారి కమానును తీగకు తాకీ తాకకుండా లాగుతూ, కోరా కింద పరుపులా పరుచుకుంటుంది. తీరా పైకి లేచినప్పుడు కోరా చటుక్కున తగ్గి దారి ఇస్తుంది. ఇలా చోటివ్వడం ఏ డెస్కు దగ్గరా జరగదు.

శ్రుతి విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. పియానోలో రెండు పక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు, అన్నీ సమానం. ఆ లెక్కన సా నుంచి అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురా వేసుకుని పాడే మనిషి గాంధారం సహజంగా 386 దగ్గర నిలబడుతుంది. ఆ 14 సెంట్ల తేడా కాగితం మీద చిన్నదే, నిలిపి పలికితే మాత్రం చెవికి తెలిసిపోతుంది. ఇక అరబ్బు సంగీతంలో రాస్త్ మకామ్‌కు (మకామ్ అంటే మన రాగం లాంటిది) వచ్చేసరికి అక్కడి గాంధారం పియానో నలుపు మెట్టుకీ తెలుపు మెట్టుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది కూడా ఊరిని బట్టి, గురువుని బట్టి కాస్త పైకో కిందికో జరుగుతుంది. మెట్లు లేని ఊద్ మీద దాన్ని పలికించడం సులువు. పియానోకి ఆ స్వరమే లేదు. లోహపు పలకలు, గంటలతో కూడిన ఇండోనేషియా వాద్యబృందం గామెలాన్ అయితే ఏ సెట్టుకి ఆ సెట్టే సొంత శ్రుతిలో పోత పోసుకుని ఉంటుంది. 1939లో లండన్ సమావేశం ప్రామాణిక శ్రుతిగా సూచించిన 440 హెర్ట్జ్‌తో దానికి పని లేదు. లోహపు పలకను స్టేజీ మీద శ్రుతి చేయలేం కాబట్టి మిగతావాళ్ళే దాని దగ్గరికి రావాలి.

మరి ఇవన్నీ కలిసేదెలా? ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది పాటను బట్టి, ఆ క్షణాన్ని బట్టి తేలుతుంది. ఊద్ ఆ మధ్య గాంధారం మీద నిలబడితే పియానో ఆ స్వరాన్ని వదిలేసి సా, పాలతో సరిపెట్టుకుంటుంది. అర్మేనియా దుదుక్ వాద్యానికి తోడుగా రెండో దుదుక్ ఒకే స్వరాన్ని ఊపిరి తెగకుండా పట్టి ఉంచే పద్ధతి ఉంది, మన నాదస్వరానికి శ్రుతి పట్టినట్టే. ఆ పట్టిన స్వరం మీద నా వయొలిన్‌ను ఆనించాలంటే నాకు అది గాలిలోంచి రావాలి, నా కాళ్ళ దగ్గరి పెట్టెలోంచి కాదు. మానిటర్‌లో నా వయొలినే నాకు పెద్దగా వినిపిస్తుంటే, పక్కవాళ్ళ స్వరానికి నేను ఎంత పక్కకు జరిగానో తెలియదు. శ్రుతి బాగా లేదని మర్నాడు ఎవరో రాస్తారు. మానిటర్ గురించి ఎవరూ రాయరు.

దీనికి తోడు లైట్లు. హాలు చల్లగా ఉన్నప్పుడు మధ్యాహ్నం శ్రుతి చేసుకుంటాం. సాయంత్రం లైట్లు వేసి, జనం నిండాక స్టేజీ వేడెక్కుతుంది. గాలి వేడెక్కితే అందులో శబ్దవేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటర్లు. అంటే వేణువు లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు 3 సెంట్లు పైకి పోతుంది. తీగలేమో వేడికి సాగి కిందికి దిగుతాయి. వేణువు పైకి, వయొలిన్ కిందికి! ఇక డఫ్ లాంటి తోలు వాద్యాలకు గాలిలో తేమ పెరిగితే చాలు, నీరుగారిపోతాయి. అందుకే సౌండ్ చెక్ సమయంలో కచేరీకి వేసే లైట్లే వేసి ఉంచమని, హాలు ఏసీ కచేరీ స్థాయిలోనే నడపమని బృందాలు అడుగుతాయి. మీ దగ్గర పనిచేసే వాళ్ళు దాన్ని కళాకారుల చాదస్తంగా కొట్టిపారేయకుండా చూడండి.

రిహార్సల్ గురించి కాస్త కటువుగానే చెప్పాలి. మీలో చాలామంది అనుకునేదేమిటంటే, ‘అందరూ ఉద్దండులే కదా, ఒక గంట కూర్చుంటే కుదిరిపోతుంది’ అని. ఏడు అక్షరాల తాళాన్నే తీసుకుందాం. మన మిశ్రచాపు 3+2+2గా నడుస్తుంది. బల్గేరియా రచెనీత్సా నాట్యానికీ ఏడే, కానీ అది 2+2+3. రెండూ ఏడే కదా అని ఇద్దరూ ఒకే సమం (తాళం మొదలయ్యే చోటు) మీద మొదలుపెడితే మొదటి అక్షరం తప్ప ఏ ఊనికా కలవదు. తడబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, అందరికీ తెలిసిన ఎనిమిది అక్షరాల్లోకి పారిపోతారు. ఫ్యూజన్ కచేరీల్లో సగం పాటలు నాలుగులోనో ఎనిమిదిలోనో ఎందుకుంటాయో మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? ప్రపంచమంతా నాలుగు లెక్కపెట్టుకుంటోందని కాదు, రిహార్సల్‌కి టైము దొరకలేదని.

అదే ఒక పూట కూర్చుంటే ఎవరో ఒకరు కనిపెడతారు: రచెనీత్సా అయిదో అక్షరం మీద మిశ్రచాపు ఎత్తుకుంటే రెండింటి విరుపులూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. ‘ఒకటి’ ఎక్కడుందన్న విషయంలో మాత్రం ఇద్దరికీ తగాదా. మృదంగం ముక్తాయింపు తన సమానికి చేరేసరికి బల్గేరియా తిత్తి వాద్యం గైదా ఇంకా వాక్యం మధ్యలో ఉంటుంది. అప్పుడు హాల్లో కూర్చున్న వాళ్ళకు నేల కొంచెం కదిలినట్టు ఉంటుంది. ఆ తగాదాను అలాగే ఉంచి వాయించడం నేర్చుకోవడానికి ఇంకో పూట కావాలి. ఇది పుస్తకం చూసి ముందే రాసుకుని వచ్చేది కాదు. చేతులకు, చెవులకు ఒకేసారి పట్టాలి.

రాగాలదీ ఇదే కథ. మోహనంలో ఉన్న అయిదు స్వరాలూ చైనా పాటల్లో ఉన్నాయి, స్కాట్లాండ్ పాటల్లోనూ ఉన్నాయి. స్వరాలు కలిశాయి కాబట్టి సంగీతం కలిసిందనుకుంటే వచ్చేది లిఫ్టులో వినిపించే రకం. చైనా తీగవాద్యం పీపా వాయించే కళాకారిణి ఒక స్వరం మీద వేళ్ళన్నీ వరసగా విసిరి మీటే పద్ధతిని మోహనం గాంధారంలోని చిన్న ఊపుకి ఎదురుగా పెట్టి చూడాలి, రెండూ పడతాయా లేదా అని. పడకపోతే ఒకటి ఆగాలి. సెల్లో కళాకారుడు యో-యో మా 2000లో సిల్క్‌రోడ్ బృందానికి నాంది పలికినప్పుడు, రకరకాల దేశాల కళాకారులను అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో ఒకచోట చేర్చి ముందు వర్క్‌షాప్ జరిపారు. అంత పేరున్న మనిషి కూడా నేరుగా స్టేజీ ఎక్కించలేదు.

ఇక్కడ మీరు అడ్డుపడి ఒక ఉదాహరణ చూపిస్తారని తెలుసు. మోహన వీణ విశ్వమోహన్ భట్, అమెరికా గిటారిస్టు రై కూడర్ ముందు పరిచయం లేకుండానే 1992లో కలిసి, అప్పటికప్పుడు వాయించి రికార్డు చేశారు. ఆ రికార్డుకి గ్రామీ కూడా వచ్చింది. రిహార్సల్ లేకపోయినా జరిగింది కదా అంటారు. జరిగింది. అయితే ఎలాంటి చోట? కాలిఫోర్నియాలోని ఒక ప్రార్థనాలయంలో, నిశ్శబ్దంలో, ఇద్దరికీ తోడు తబలా, డుంబెక్ అనే చేతి డోలు మాత్రమే. ఇద్దరి వాద్యాలూ కడ్డీ జార్చి వాయించే గిటార్లే, అంటే ఒకే కుటుంబం. వాద్యానికొక మైకు బిగించకుండా, అందరినీ కలిపి ఒకేచోట నుంచి వినేలా ఒక జంట మైకులతో రికార్డు చేశారు. టికెట్లు కొన్న జనం ఎదురుగా లేరు, వచ్చే నిమిషంలో ఏమవుతుందోనన్న టెన్షన్ లేదు. అలాంటి చోటు మీరు ఇస్తానంటే నేనూ రిహార్సల్ అడగను.

హాలు సంగతి. వాలెస్ సబీన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడి లెక్కలతో కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది. జనం నిండి ఉన్నప్పుడు అక్కడ ఒక శబ్దం పూర్తిగా అణగడానికి దాదాపు 1.9 సెకన్లు పడుతుంది. వయొలిన్లకు, కొమ్ములకు అది అమృతం. ఉపన్యాసానికైతే సెకను, అంతకన్నా తక్కువ ఉంటే మాటలు స్పష్టంగా ఉంటాయి. తబలా, ఘటం వేళ్ళ పని మాటలాంటిదే. ఒక్కో అక్షరం విడిగా వినిపించాలి. రెండు సెకన్ల హాల్లో వేగంగా వాయిస్తే అన్నీ కలిసి గొణుగుడవుతుంది. దుదుక్‌కీ పాటకీ పొడుగు ప్రతిధ్వని కావాలి, డోలుకి పొట్టిది కావాలి. రెండూ ఉన్న బృందానికి మధ్యస్థంగా, ఒకటిన్నర సెకన్ల దగ్గర ఉండే చిన్న హాలు వెతకండి. కొద్దిమందే కలిసి వాయించే ఛాంబర్ సంగీతానికి కట్టిన హాళ్ళు సాధారణంగా అలాగే ఉంటాయి. అమెరికా సాక్సోఫోన్ కళాకారుడు పాల్ వింటర్ బృందం 1980 నుంచి దశాబ్దాలపాటు న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ద డివైన్ కెథడ్రల్‌లో వాయించింది. అక్కడ ప్రతిధ్వని ఎంతో సేపు నిలుస్తుంది కాబట్టి వాళ్ళు దానికి తగ్గట్టు పొడుగు స్వరాలతో సంగీతం అల్లుకున్నారు. మీ హాలు ఎలాంటిదో బృందానికి నెలల ముందు చెప్తే వాళ్ళూ అలా పాటలు ఎంచుకోగలరు. సాధారణంగా మాకు తెలిసేది చప్పట్లు కొట్టి చూసుకున్నప్పుడే.

రెండు వేల కుర్చీల హాలు కావాలంటే స్పీకర్లు తప్పవు, ఒప్పుకుంటాను. అయితే మూడు నాలుగు వందల కుర్చీల హాల్లో వరసగా రెండు రాత్రులు పెట్టి చూశారా? ఖర్చు లెక్క వేరుగా ఉంటుంది, అది మీకే తెలుసు. కానీ రెండో రాత్రికి బృందం వాయించే తీరు కూడా వేరుగా ఉంటుంది, అది మాకు తెలుసు. ఇంకో చిన్న మాట: ఏసీ హోరు, ప్రొజెక్టరు ఫ్యాను. ఇవి మీకు అలవాటై వినిపించవు. సెతార్ మొదటి మీటు హోరులో మునిగితే కళాకారుడు గట్టిగా మీటుతాడు, పక్కవాడు ఇంకా గట్టిగా వాయిస్తాడు, అలా అరగంటలో అందరూ అరుస్తుంటారు. కచేరీ మొదలయ్యే ముందు ఒకసారి ఖాళీ హాల్లో కళ్ళు మూసుకుని కూర్చుని చూడండి, ఏమేం మోగుతున్నాయో తెలుస్తుంది.

స్టేజీ మీద దూరం గురించి ఒక లెక్క చెప్తాను, దీన్ని మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది మీటర్ల అవతల కూర్చున్న మనిషి కొట్టిన దెబ్బ నాకు చేరడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు పది అక్షరాల వేగంతో వాయిస్తున్నప్పుడు ఒక్కో అక్షరానికి ఉండేదే 100 మిల్లీసెకన్లు. అంటే దాదాపు మూడో వంతు ఆలస్యం. నాకు వినిపించినదాన్ని బట్టి నేను వాయిస్తే, అతనికి నా దెబ్బ చేరడానికి ఇంకో మూడో వంతు. తాళం సాగడం మొదలవుతుంది. అందుకే అర్ధచంద్రాకారంలో, చెయ్యి చాపితే పక్కవాళ్ళు అందేంత దగ్గరగా కూర్చుంటామని అంటాం. వీడియోలో స్టేజీ బోసిగా కనిపిస్తుందని విశాలంగా పరచమంటారు మీ కెమెరా వాళ్ళు. స్టేజీ బోసిగా ఉంటే ఒక తెర వేయండి, మమ్మల్ని లాగకండి. కొందరు కింద కూర్చుంటారు, కొందరు కుర్చీల్లో. కళ్ళు ఒకే ఎత్తులో ఉండేలా చిన్న పీఠం ఏర్పాటు చేస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ముక్తాయింపు ఎక్కడుందో మేం చెప్పుకునేది కనుబొమలతోనే.

మైకులు పెట్టాల్సి వచ్చినప్పుడు పెట్టండి. వాద్యానికి అంటించే పికప్ కన్నా కొంచెం దూరంగా ఒక మంచి మైకు నయం. పికప్ చెక్క కంపనాన్ని పట్టుకుంటుంది కానీ గాలిలో విచ్చుకునే ధ్వనిని కాదు. అందుకే పికప్ పెట్టిన ఊద్‌కీ, టర్కీ తీగవాద్యం సాజ్‌కీ, గిటారుకీ తేడా తగ్గిపోతుంది. ఒకే మైకు చుట్టూ అందరూ నిలబడి, సోలో వాయించే వాళ్ళు ముందుకు వచ్చి, అయ్యాక వెనక్కి వెళ్ళే పద్ధతి అమెరికా బ్లూగ్రాస్ బృందాల్లో ఇప్పటికీ ఉంది. అక్కడ మిక్సింగు చేసేది కాళ్ళు. మానిటర్లు తీసేస్తే కూ మనే ఫీడ్‌బ్యాక్ గొడవ కూడా చాలావరకు పోతుంది. స్పీకర్లు వెనక వరసలకు సాయం చేయాలే తప్ప ముందు వరసకు వాద్యం స్పీకర్‌లోంచి వస్తున్నట్టు అనిపించకూడదు. శ్రోతల చెవుల రక్షణ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు సూచించిన గరిష్ఠ పరిమితి 100 డెసిబెల్స్, అదీ పదిహేను నిమిషాల సగటుగా. మేం ఆ అంకె చుట్టుపక్కలకు కూడా రావాల్సిన అవసరం లేదు. వచ్చామంటే ఎక్కడో తప్పు జరిగింది.

సౌండ్ ఇంజనీర్లను తప్పుపట్టడం లేదు. వాళ్ళను రిహార్సల్‌కి పిలవండి, ఆ గంటలకూ డబ్బివ్వండి. ఏ పాటలో ఎవరు ఎవరికి చోటిస్తున్నారో ఒక్కసారి విన్న ఇంజనీరు, ఫేడర్ మీద చెయ్యి వేయడమే మానేస్తాడు. అలాంటివాళ్ళతో పనిచేశాను, వాళ్ళు బృందంలో ఒకరు.

చివరగా పోస్టరు. ‘వరల్డ్ మ్యూజిక్’ అన్న మాటను వ్యాపారంలోకి గట్టిగా తెచ్చింది 1987లో లండన్‌లో ఒక పబ్బులో సమావేశమైన చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు. దుకాణాల్లో ఈ రికార్డులను ఏ అరలో పెట్టాలో తెలియక, అమ్మకాల కోసం ఒక పేరు ఎంచుకున్నారు. అర కోసం పెట్టిన పేరుని మీరు సంగీతం పేరుగా వేస్తున్నారు. గ్రామీ వాళ్ళు సైతం 2020లో ఆ అవార్డు పేరులోంచి దాన్ని తీసేసి ‘గ్లోబల్’ అని మార్చారు, అదీ పెద్ద గొప్పగా ఏమీ లేదనుకోండి. మీరు చేయాల్సింది సులువు: కళాకారుల పేర్లు, వాద్యాల పేర్లు, ఏ సంప్రదాయంలో నేర్చుకున్నారో ఒక్కో వాక్యం. ముందు పేరున్న గిటారిస్టు ఫొటో పెద్దగా వేసి, మిగతావాళ్ళను ‘తదితరులు’ అంటే, స్టేజీ మీద కూడా వాళ్ళు తదితరులుగానే కూర్చుంటారు. పక్కవాద్యం అనిపించుకున్న మనిషి ఎదురు చెప్పడానికి సంకోచిస్తాడు, శ్రుతి తప్పిందని కూడా చెప్పడు. పారితోషికం కూడా ఆ కొలతలోనే ఇస్తే ఇక చెప్పేదేముంది. విననివ్వడమంటే ఇది కూడా.

వచ్చే సీజన్‌కి ఒప్పందాలు రాసుకునే వేళ ఇది. ఈ బృందాలతో రాసుకునే కాగితంలో మూడు విషయాలు చేర్చమని కోరుతున్నాను: ఒకటి, కచేరీ జరిగే హాల్లోనే ముందురోజు పూర్తి రిహార్సల్, దానికి వేతనం; రెండు, స్టేజీ మీద కూర్చునే తీరు నిర్ణయించే హక్కు బృందానిది; మూడు, సౌండ్ చెక్‌లో ముందు మైకులన్నీ ఆపేసి ఒక పాట పూర్తిగా వాయించడం, ఇంజనీరు హాలు చివరి వరసలో కూర్చుని వినడం. ఆ తర్వాత ఏది వినిపించలేదో దానికి మాత్రమే మైకు. ఏవీ అవసరం లేదని తేలితే స్పీకర్ల అద్దె మిగులుతుంది, దాన్ని రిహార్సల్ పద్దులో వేసుకోవచ్చు. మీలో ఎవరైనా ఒక్క కచేరీకి ఇలా చేసి చూస్తామంటే, కుర్చీలు సర్దడానికి నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక వయొలిన్ కళాకారిణి